సీసాకు అంటిన లేబుల్: పట్టు విడిచేది కాగితం కాదు, జిగురు

ఖాళీ అయిన జామ్ సీసాను కడిగి ఆవాలో మెంతులో పోసుకుందామనుకునే గృహిణికి, వాడేసిన బీరు సీసాలను మళ్లీ నింపే కర్మాగారానికి ఎదురయ్యే చిక్కు ఒకటే: సీసాకు అంటుకున్న లేబుల్. కొన్ని లేబుళ్లు పది నిమిషాలు నీళ్లలో నానితే చాలు, వాటంతట అవే జారి పైకి తేలతాయి. కొన్నిటిని గంటసేపు గీకినా చిరిగిన కాగితం ముక్కలు, వేళ్లకు అంటుకునే జిగట మిగులుతాయి. ఈ తేడాకు ముఖ్య కారణం కాగితం కాదు, దాని వెనక ఉన్న జిగురు. అది ఏ రకమో పోల్చుకుంటే గీకుడు పని చాలావరకు తప్పుతుంది.

ఈ విషయంలో ఇళ్లలోనే ఎక్కువ ప్రయోగాలు చేసినవారు బ్రిటన్, అమెరికా దేశాల్లో సొంతంగా బీరు కాచుకునే ఔత్సాహికులు. బ్రిటన్‌లో ఇంటి వాడకానికి బీరు కాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని 1963లో నిర్ణయించారు. అమెరికాలో 1978లో చేసిన సమాఖ్య చట్టం పరిమిత మోతాదులో దీనికి పన్ను మినహాయింపు ఇచ్చింది. అప్పటినుంచి వాడిన సీసాలను సేకరించి, లేబుళ్లు తీసి, మళ్లీ నింపుకోవడం అక్కడ ఒక అలవాటుగా మారింది. తెలుగు రాష్ట్రాల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. అయినా ఇక్కడ కూడా బీరు సీసా ఒక్క వాడకంతో చెత్తలో కలిసిపోదు. పాత సామాన్లు కొనేవారి నుంచి టోకు వ్యాపారులకు, వారి నుంచి బ్రూవరీలకు చేరి, పాత లేబుల్ వదిలించుకుని కొత్త లేబుల్‌తో మళ్లీ అంగడికి వస్తుంది. 650 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాల మీద కనిపించే అరిగిన తెల్లటి వలయాలు ఈ రాకపోకల గుర్తులే.

గాజుకు జిగురు ఎలా పట్టుకుంటుంది?

గాజు ఉపరితలం చేతికి నున్నగా తగులుతుంది. అణువుల స్థాయిలో చూస్తే దాని మీద ఆక్సిజన్, హైడ్రోజన్ జంటగా ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు పరుచుకుని ఉంటాయి. పిండి పదార్థంలోనూ, కాగితానికి మూలమైన సెల్యులోజ్‌లోనూ ఇవే సమూహాలు పుష్కలంగా ఉన్నాయి. పాలలోని ప్రొటీన్లలో కూడా ఇలా బంధం కలుపుకోగల సమూహాలుంటాయి. తడి జిగురు ఆరేటప్పుడు నీరు తప్పుకుని, జిగురుకూ గాజుకూ మధ్య లెక్కలేనన్ని హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. ఒక్కో బంధం బలహీనమైనదే, అన్నీ కలిస్తే లేబుల్ కదలదు.

మళ్లీ నీరు చేరితే ఈ కథ వెనక్కి నడుస్తుంది. నీటి అణువులు జిగురుకూ గాజుకూ మధ్య చొరబడి ఆ బంధాల స్థానాన్ని తాము ఆక్రమిస్తాయి. గోడ మీద మైదా జిగురుతో అంటించిన సినిమా పోస్టర్ నాలుగు వానలకు వేలాడబడేది ఇందుకే. అయితే గాజులోంచి నీరు దూరదు. కాగితం గుండానో, లేబుల్ అంచుల నుంచో మాత్రమే జిగురును చేరాలి. కాగితం మీద వార్నిష్ పూతో ప్లాస్టిక్ పొరో ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అలాంటి లేబుల్‌ను నానబెట్టే ముందు పైపొర మీద మాత్రమే నాలుగైదు గీతలు పెడితే నీటికి దారి దొరుకుతుంది.

మూడు రకాల అంటు

సీసాల మీద ఎక్కువగా కనిపించే లేబుళ్లను మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటిది తడి జిగురుతో అంటించిన కాగితం. ఈ జిగురు పిండి పదార్థంతోనో, దాని నుంచి వచ్చే డెక్స్ట్రిన్‌తోనో, పాల ప్రొటీన్ అయిన కేసిన్‌తోనో తయారవుతుంది. గాజు బీరు సీసాల మీద చాలాకాలంగా వాడుతున్నది ఈ రకమే.

రెండోది స్టిక్కర్. దీని వెనక ఉండే యాక్రిలిక్ లేదా రబ్బరు జాతి జిగురు ఎప్పటికీ పూర్తిగా ఆరిపోదు. ఒత్తిడి తగలగానే చాలా నెమ్మదిగా ప్రవహించి గాజు మీద ఉన్న సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లలోకి చేరుకుంటుంది. దీనికి నీరంటే గిట్టదు. అందుకే రాత్రంతా నానబెట్టినా కాగితం మాత్రమే మెత్తబడి ఊడివస్తుంది, జిగట అలాగే ఉండిపోతుంది.

మూడోది అసలు అంటించినదే కాదు. కొన్ని శీతల పానీయాల సీసాల మీద అక్షరాలను గాజుపొడి కలిసిన రంగులతో అచ్చువేసి, కొలిమిలో వేడిచేసి గాజుతో కలిపేస్తారు. అది నానబెడితే పోదు. దాన్ని ఆమ్లాలతో కరిగించబోవడం ప్రమాదకరం. పాత రోజుల రంగుల్లో సీసం, కాడ్మియం వంటి విషలోహాలు ఉండేవి కాబట్టి గీకడం కూడా మంచిది కాదు.

మొదటి రెంటినీ గుర్తుపట్టడం తేలిక. లేబుల్ ఒక మూల లేపి రెండు చుక్కల వేడినీళ్లు వేయాలి. వెనకభాగం గంజిలా జారుతుంటే అది తడి జిగురు. రబ్బరులా సాగుతూ వేలికి అంటుకుంటే స్టిక్కర్.

ఐసులో ఊడకూడదు, క్షారంలో ఊడాలి

బీరు సీసా లేబుల్ మీద రెండు విరుద్ధమైన బాధ్యతలున్నాయి. ఐసు ముక్కల మధ్య గంటల తరబడి ఉన్నా ఊడకూడదు. కర్మాగారానికి తిరిగి వచ్చాక కొద్ది నిమిషాల్లోనే ఊడిపోవాలి. కేసిన్ ఈ రెండు పనులూ చేయగలగడానికి కారణం దాని రసాయన స్వభావం.

పాలలో నిమ్మరసం పిండితే విరుగుతాయి. ఆమ్లం చేరి పీహెచ్ 4.6 దరిదాపులకు వచ్చేసరికి కేసిన్ అణువుల మీది విద్యుదావేశాలు సమతూకమై, అవి ఒకదానినొకటి నెట్టుకోవడం మాని ముద్దకట్టడమే విరుగుడు. క్షారంలో జరిగేది ఇందుకు వ్యతిరేకం. కేసిన్ అణువులు రుణావేశం పెంచుకుని పరస్పరం వికర్షించుకుంటాయి, విడివడి కరుగుతాయి. లేబుల్ జిగురులో జింక్ వంటి లోహ లవణాలు కలిపి కేసిన్ గొలుసులను ముడివేస్తే చల్లని నీరు వాటిని విడదీయలేదు. వేడి క్షారం మాత్రం విడదీస్తుంది. లేబుల్ వదిలించడానికి వెనిగరో నిమ్మరసమో పోస్తే కేసిన్ జిగురు మీద పెద్దగా ప్రయోజనం ఉండకపోవడానికి కారణం కూడా ఇదే.

సీసాలు కడిగే యంత్రాలు ఈ సూత్రం మీదే నడుస్తాయి. సీసాలను దశలవారీగా వేడిచేసి, సుమారు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండే పలుచని కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచుతారు. ద్రావణం గాఢత సాధారణంగా రెండు మూడు శాతం లోపే. జిగురు కరుగుతుంది, లోపలి మడ్డి వదులుతుంది, సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. లేబుల్ మాత్రం ముక్కలు కాకుండా నిండుగా ఊడిరావాలి. కాగితం పీచుపీచు అయితే ద్రావణం చిక్కబడి పాడవుతుంది. అందుకే తడిసినా చిరగని కాగితాన్ని ఎంచుకుంటారు.

మెడకు చుట్టిన అల్యూమినియం రేకు ఇక్కడ మరో సమస్య. అల్యూమినియం కాస్టిక్ సోడాలో కరుగుతూ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. మండే స్వభావమున్న ఆ వాయువును యంత్రంలో పోగుపడకుండా బయటకు పంపాలి. చివరగా సీసాలను శుభ్రమైన నీటితో కడిగి, క్షారం ఏమైనా మిగిలిందేమో పరీక్షిస్తారు. మిగిలిన నీటిచుక్కలో ఫినాఫ్తలీన్ వేసినప్పుడు గులాబీరంగు వస్తే ఆ సీసా నింపడానికి పనికిరాదు.

ఇంట్లో ఏది వాడాలి?

కర్మాగారంలో పనిచేసే కాస్టిక్ సోడా ఇంటికి తగినది కాదు. అది చర్మాన్ని, కళ్లను తీవ్రంగా కాలుస్తుంది. దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచితే పిల్లలు నీళ్లనుకుని తాగే ప్రమాదముంది. ఒక్క గుటకకే అన్నవాహిక కాలిపోయి, మానాక కూడా అది కుంచించుకుపోవచ్చు. ఇంట్లో తయారయ్యే బీరు కోసం సీసాలు సిద్ధం చేసుకునేవారు కూడా ఎక్కువగా దీనికంటే మెత్తని క్షారాలనే ఎంచుకుంటారు.

వాటిలో ఒకటి వాషింగ్ సోడా, అంటే బట్టల సోడా. లీటరు గోరువెచ్చని నీటికి ఒక పెద్ద చెంచాడు కలిపితే పీహెచ్ 11 దాకా వస్తుంది. వంట సోడా అయితే 8 దగ్గరే ఆగిపోతుంది, అందువల్ల దాని పని నెమ్మది. రెండోది మరకలు పోగొట్టే పొడుల్లో ఉండే సోడియం పెర్‌కార్బొనేట్. నీటిలో ఇది వాషింగ్ సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది. మొదటిది జిగురును కరిగిస్తే రెండోది లోపలి మరకల పని పడుతుంది. సీసాను కూడా అదే నీటితో నింపి ముంచితే లోపలి వేడి కూడా జిగురును చేరుతుంది. తడి జిగురు లేబుళ్లు చాలావరకు గంటలోపు, మొండివి తెల్లవారేసరికి జారిపోతాయి.

ఇందుకు ప్లాస్టిక్ బకెట్టో స్టీలు పాత్రో వాడాలి. సత్తు గిన్నె, అంటే అల్యూమినియం గిన్నె, ఈ క్షారానికి నల్లబడి గుంటలు పడుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. బ్లీచింగ్ ద్రావణాన్ని, అమ్మోనియా ఉన్న క్లీనర్‌ను ఎప్పుడూ కలపకూడదు. వాటి నుంచి ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమైన్ వాయువులు వెలువడతాయి.

బోరు నీటితో చేసినప్పుడు సీసా మీద తెల్లటి పొర మిగలవచ్చు. కఠిన జలంలోని కాల్షియం, వాషింగ్ సోడాతో కలిసి సుద్దగా మారడమే దీనికి కారణం. వెనిగర్‌కు ఇక్కడ పని దొరుకుతుంది. కొద్దిగా పోసి తిప్పితే సుద్ద కరిగిపోతుంది.

స్టిక్కర్ల జిగటకు దారి వేరు. నూనె జాతి జిగురును నూనె జాతి పదార్థమే మెత్తబరుస్తుంది. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబరిచి కాగితాన్ని నెమ్మదిగా లాగాలి. జోరుగా లాగితే ఈ జిగురు గట్టిగా ఎదురు తిరిగి కాగితమే చిరుగుతుంది. మిగిలిన జిగట మీద కొబ్బరినూనో వేరుశనగ నూనో రాసి అరగంట ఆగితే, నూనె జిగురులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది. తర్వాత గుడ్డతో తుడిచి గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే సరిపోతుంది. పెట్రోలు, కిరోసిన్ జోలికి పోనక్కర్లేదు. అవి నిప్పుకు దగ్గర, తిండికి దూరం ఉండాల్సినవి.

గీకితే పోయేది లేబుల్ ఒక్కటే కాదు

కత్తితో, ఇసుకతో గీకడం వల్ల మరో నష్టముంది. ఇంగ్లండ్‌కు చెందిన ఇంజనీరు ఏ.ఏ. గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పరిశోధనలో, గాజు బలాన్ని నిర్ణయించేవి దాని మీది కంటికి కనిపించని పగుళ్లేనని చూపించాడు. లాగుడు శక్తి అంతా పగులు కొన వద్ద కేంద్రీకృతమవుతుంది. బీరు, సోడా సీసాల లోపల వాయువు బయటి వాతావరణం కన్నా రెండు మూడు రెట్ల పీడనంతో నెడుతూ ఉంటుంది. గీతలు పడిన సీసా ఆ ఒత్తిడికి పగిలిపోవచ్చు. వాయువుతో నిండే పానీయాలకు గీతలు, అంచు విరుపులు ఉన్న సీసాలను పక్కన పెట్టేయడమే మేలు.

వేడి విషయంలోనూ ఇదే జాగ్రత్త. చల్లని సీసాను ఒక్కసారిగా సలసల కాగే నీళ్లలో వేసినా, వేడి సీసాను చన్నీళ్లలో ముంచినా గాజు లోపలి, బయటి పొరలు వేర్వేరుగా సాగి, కుంచించుకుని పగులుతుంది. సీసాలను పరీక్షించేటప్పుడు పరిశ్రమ సాధారణంగా 42 డిగ్రీల తేడాను కొలమానంగా తీసుకుంటుంది. పాత సీసా అంతకు తక్కువ తేడానే తట్టుకుంటుందని అనుకోవడం క్షేమం. పురుగుమందు, ఫినాయిల్, ఆమ్లం వంటివి పోసిన సీసాలను ఎంత కడిగినా తినే, తాగే వాటికి వాడకూడదు.

కొలిమికా, కడుగుడుకా?

లేబుల్ ఊడని సీసాకు మిగిలే గతి సాధారణంగా కొలిమి. గాజును తయారుచేసే కొలిమిలో వేడి సుమారు 1500 డిగ్రీల సెల్సియస్. ముడి పదార్థాల్లో పాత గాజు ముక్కల వాటా ప్రతి 10 శాతం పెరిగినప్పుడు కొలిమికి కావలసిన శక్తి రెండున్నర నుంచి మూడు శాతం తగ్గుతుంది. అది మంచిదే. కానీ సీసాను కరిగించకుండా 80 డిగ్రీల నీటిలో కడిగి మళ్లీ నింపితే కొలిమి అవసరమే తప్పుతుంది. సీసాలను మరీ దూరం నుంచి లారీల్లో మోయాల్సి వస్తే ఆ ఆదాలో కొంత డీజిల్‌కు పోతుంది. దగ్గరలోనే సేకరించి, దగ్గరలోనే నింపినప్పుడు లాభం ఎక్కువ.

సీసా కొలిమికి పోతుందా, కడుగుడుకు పోతుందా అన్నది చాలావరకు లేబుల్ అంటించిన రోజే తేలిపోతుంది. మెరిసే ప్లాస్టిక్ పొర, నీటికి లొంగని జిగురు ఎంచుకున్న కంపెనీ ఆ సీసా తిరుగు ప్రయాణాన్ని కష్టతరం చేస్తుంది. వేడి క్షారానికి వదిలే జిగురు, తడిసినా చిరగని కాగితం ఎంచుకున్న కంపెనీ దాన్ని సులభం చేస్తుంది. వంటింట్లో బకెట్ పక్కన నిలబడి లేబుల్ మూల లేపి చూసేవారికి కూడా ఈ తేడా రెండు చుక్కల వేడినీళ్లతోనే తెలిసిపోతుంది.