ఋణం, దాస్యం, సన్న్యాసం: స్వామి అగ్నివేశ్ జీవితం, కృషి

ఉపసంపద కోరి సంఘం ఎదుట నిలిచిన వ్యక్తిని అడిగే ప్రశ్నలు భిక్షువులందరికీ కంఠస్థాలే. వ్యాధులను గురించి విచారించిన పిమ్మట, అతడు స్వతంత్రుడేనా, ఋణరహితుడేనా, రాజభటుడు కాడు కదా అని అడుగుతారు. ఈ నియమాలు ఎట్లా పుట్టాయో వినయపిటకంలోని మహావగ్గం వివరిస్తుంది. అప్పు తీర్చనివాడొకడు, యజమాని వద్ద నుంచి పారిపోయి వచ్చిన దాసుడొకడు ప్రవ్రజ్య స్వీకరించారు. వారిని గుర్తించినవారు ఆక్షేపించారు. విషయం బుద్ధుని దృష్టికి రాగా, ఋణగ్రస్తునికి, దాసునికి ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమం ఏర్పడింది. రాజ్యంతోను, గృహస్థులతోను వివాదం లేకుండా సంఘం మనుగడ సాగించడానికి ఇది అవసరమై ఉండవచ్చు. అయితే దాని ఫలితం స్పష్టమే. విముక్తి ఎవరికి అత్యవసరమో, వారి ముందే విహారద్వారం మూసుకొన్నది.

దీఘనికాయంలోని సామఞ్ఞఫలసుత్తం మరొక దృశ్యాన్ని చూపుతుంది. రాజు దాసుడే సన్న్యసిస్తే, అతనిని తిరిగి చాకిరికి రమ్మంటావా అని బుద్ధుడు అజాతశత్రువును ప్రశ్నిస్తాడు. అట్లా పిలవనని, పైగా లేచి నమస్కరిస్తానని రాజు అంగీకరిస్తాడు. అదే సుత్తంలో, నీవరణాల నుంచి బయటపడిన చిత్తాన్ని అప్పు తీరినవానితో, దాస్యం తొలగినవానితో పోల్చడమూ కనిపిస్తుంది. ఈ రెండు పాఠాలను పక్కపక్కన ఉంచి చదివితే ఒక ప్రశ్న మిగులుతుంది: దాసుడు సన్న్యాసి వద్దకు రాలేనప్పుడు, సన్న్యాసి దాసుని వద్దకు వెళ్లాలా?

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్నకు వెళ్లాలనే సమాధానం చెప్పి, దానిని ఆచరణలో పెట్టినవారిలో స్వామి అగ్నివేశ్ ముఖ్యులు. ఆయన బౌద్ధులు కారు, ఆర్యసమాజ సన్న్యాసి. అయినప్పటికీ ఋణదాస్యాన్ని కేవలం ఆర్థిక సమస్యగా కాక ధర్మసమస్యగా చూచి, దానిని న్యాయస్థానం ముందు నిలబెట్టిన ఆయన కృషి బౌద్ధ అధ్యయనపరులకు కూడా ఆలోచించదగినది.

శ్రీకాకుళం నుంచి శక్తికి

ఆయన పూర్వాశ్రమ నామం వేప శ్యామరావు. 1939 సెప్టెంబరు 21న శ్రీకాకుళంలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. నాలుగేళ్ల ప్రాయంలో తండ్రిని కోల్పోగా, మాతామహుల ఇంట పెరిగారు. ఆ మాతామహులు శక్తి సంస్థానానికి దివాను. నేడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న శక్తి ప్రాంతం, సమీపంలోని గుంజి బ్రాహ్మీ శిలాశాసనం వల్ల శాసన పరిశోధకులకు సుపరిచితం. సంస్థానాల విలీనం తరువాత అది చాలాకాలం బిలాస్‌పూర్ జిల్లాలో భాగంగా ఉండేది. ఈ సంగతి ముందు ముందు అవసరమవుతుంది.

శ్యామరావు వాణిజ్య, న్యాయశాస్త్రాలు చదివి, కలకత్తా సెయింట్ జేవియర్స్ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. కొంతకాలం న్యాయవాద వృత్తిలో, అనంతరం భారత ప్రధాన న్యాయమూర్తి అయిన సబ్యసాచి ముఖర్జీ వద్ద జూనియరుగా ఉన్నారు. 1968లో హర్యానాకు తరలివెళ్లి ఆర్యసమాజ కార్యకలాపాలలో ప్రవేశించారు, అనంతరం సన్న్యసించి అగ్నివేశ్ అయ్యారు. 1970లో ఆర్యసభ అనే రాజకీయ పక్షాన్ని స్థాపించారు. 1977లో హర్యానా శాసనసభకు ఎన్నికై, కొంతకాలం విద్యాశాఖ మంత్రిగా ఉన్నారు. సన్న్యాసికి అధికారపదవి ఏమిటన్న విమర్శ అప్పుడే మొదలయింది. అయితే ఆయన పేరు నిలిచింది మంత్రిపదవి వల్ల కాదు, 1981లో నెలకొల్పిన బంధువా ముక్తి మోర్చా వల్ల. బంధువా అంటే అప్పుకు కట్టుబడిన కూలి, మన భాషలో వెట్టివాడు.

ఉత్తరమే అర్జీ అయిన వైనం

ఢిల్లీని ఆనుకొని ఉన్న ఫరీదాబాద్ జిల్లాలో రాతి గనులు, కంకర మరలు విస్తారంగా ఉండేవి. గని కౌలుదారునికి, కూలికి మధ్య గుత్తేదారు ఉండేవాడు. దూరప్రాంతాలలోని పేదలకు కొంత సొమ్ము ముందుగా ఇచ్చి కుటుంబాలతో సహా తీసుకువచ్చేవాడు. రాయి పేల్చే మందుగుండు ఖర్చు, రంధ్రాలు తొలిచే ఖర్చు కూలి డబ్బు నుంచే తగ్గించేవారు. మిగిలినదానితో తిండి గడవక మళ్లీ అప్పు చేయవలసి వచ్చేది. అప్పు తీరనిదే కదలడానికి వీలులేదు. కదలనిదే వేరొక పని దొరకదు. దాస్యానికి సంకెళ్లు అవసరం లేదని, ఖాతాపుస్తకం చాలునని ఈ గనులు నిరూపించాయి.

1976 నాటి వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం అప్పటికే అమలులో ఉంది. లోపించినది అమలు. 1982 ఫిబ్రవరిలో మోర్చా సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి.ఎన్. భగవతికి ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ అర్జీగా స్వీకరించి, గనులను చూచి రావడానికి ఇద్దరు న్యాయవాదులను కమిషనర్లుగా నియమించింది. గాలినిండా రాతిపొడి, కలుషిత జలం, వైద్యం లేకపోవడం, గడ్డికప్పుల గుడిసెలు మొదలైనవి వారి నివేదికలో నమోదయ్యాయి. పురాతత్త్వ పరిశోధకుడు క్షేత్రాన్ని చూడనిదే నిర్ణయం చేయనట్లే, న్యాయస్థానం కూడా కాగితాల వాదానికి పరిమితం కాకుండా స్థల పరిశీలన చేయించడం ఈ వ్యాజ్యంలోని విశేషం.

1983 డిసెంబరు 16న తీర్పు వెలువడింది. ఒకనిచేత బలవంతంగా పని చేయిస్తున్నట్లు తేలితే, దాని వెనుక అప్పు ఉన్నట్లే కోర్టు భావిస్తుందని, కాదని నిరూపించే భారం యజమానిపైనా ప్రభుత్వంపైనా ఉంటుందని ఆ తీర్పు నిర్ణయించింది. ఈ సూత్రం లేకపోతే చట్టం నిరర్థకమే. నిరక్షరాస్యుడైన కూలి తన అప్పుపత్రాన్ని ఎక్కడినుంచి తేగలడు? కేంద్ర, హర్యానా ప్రభుత్వాలకు కోర్టు 21 ఆదేశాలు జారీ చేసింది. ఈ తీర్పుకు ఆధారమైన రాజ్యాంగ అధికరణాలలో రెండు ముఖ్యమైనవి: బలవంతపు చాకిరిని నిషేధించే 23వది, ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించనిచ్చే 32వది. రెండవదానిని డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగానికి ప్రాణంగా భావించారన్నది సర్వవిదితం. ఆయన నిర్మించిన ద్వారం గుండానే ఫరీదాబాద్ కూలీల ఉత్తరం లోపలికి వెళ్లింది.

విడుదల తరువాత

ఆ గనుల నుంచి 1982లోనే కోర్టు ఆదేశంతో విడుదలైన సుమారు 135 మంది కూలీలు బిలాస్‌పూర్ జిల్లా గ్రామాలవారు. అగ్నివేశ్ బాల్యం గడిచిన జిల్లా అదే. పునరావాసం కల్పిస్తామన్న హామీతో వారిని స్వగ్రామాలకు చేర్చారు. కొన్ని నెలల తరువాత నీరజా చౌదరి అనే పాత్రికేయురాలు ఆ గ్రామాలకు వెళ్లి, హామీ నెరవేరలేదని, విముక్తులు ఆకలిలో ఉన్నారని గమనించి సుప్రీంకోర్టుకు రాశారు. గుర్తింపు, విడుదల, పునరావాసం మూడూ జరిగినప్పుడే చట్టం అమలైనట్లని 1984లో కోర్టు ప్రకటించింది. పునరావాసం లేని విడుదల వెట్టివానిని మళ్లీ అదే గుత్తేదారు వద్దకు పంపుతుంది.

చారిత్రక దృష్టితో చూస్తే ఇది ఒక సుదీర్ఘ పరిణామంలోని చివరి మెట్టు. అంగుత్తరనికాయం ఉపాసకునికి నిషేధించిన ఐదు వర్తకాలలో ప్రాణుల వ్యాపారం ఒకటి, మనుషుల విక్రయం కూడా ఇందులోకే వస్తుందని అట్ఠకథల వివరణ. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోను, శ్రీకాకుళానికి ఉత్తరాన ఉన్న జౌగడలోను నేటికీ నిలిచి ఉన్న అశోకుని తొమ్మిదవ శిలాశాసనం, దాసులపట్ల, భృత్యులపట్ల సక్రమంగా మెలగడాన్ని ధర్మమంగళంలో భాగంగా చెబుతుంది. అశోకుడు దయను కోరాడు, దాస్యం రద్దును కోరలేదు. రద్దును కోరినది రాజ్యాంగం. రద్దుతోపాటు బ్రతుకుదెరువునూ కోరినది 1984 తీర్పు.

మతం పేరిట హింస

తన మతవ్యవస్థను నిలదీయడానికి కూడా అగ్నివేశ్ వెనుకాడలేదు. 1987 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ అనే యువతి భర్త చితిపై దహనమయింది. దానిని సతీధర్మంగా కీర్తించినవారికి వ్యతిరేకంగా ఆయన ఢిల్లీ నుంచి దేవరాలా దిశగా 18 రోజుల పాదయాత్ర చేశారు. సతికి వేదప్రమాణం లేదని ఆయన వాదం. శాస్త్రాన్ని శాస్త్రంతోనే ఎదుర్కొనడం దయానంద సరస్వతి సంప్రదాయం. 1994 నుంచి 2004 వరకు ఆధునిక దాస్యరూపాల బాధితుల కోసం ఏర్పడిన ఐక్యరాజ్యసమితి స్వచ్ఛంద నిధికి అధ్యక్షులుగా ఉన్నారు. 2004లో అస్గర్ అలీ ఇంజనీర్‌తో కలిసి రైట్ లైవ్లీహుడ్ పురస్కారం అందుకొన్నారు.

రాయపూర్ నుంచి దంతెవాడకు

రాయపూర్ బౌద్ధ పరిశోధకులకు సిర్పూర్ విహారాలకు దారితీసే నగరం. ఈ రాజధాని నుంచే బస్తర్‌కు వెళ్లే రహదారి దక్షిణంగా సాగి, జగదల్‌పూర్ దాటి, కోంటా మీదుగా భద్రాచలం వైపు తెలుగుసీమలో ప్రవేశిస్తుంది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది మరణించారు. ఒక నెల తిరగకముందే, మే 5న, అగ్నివేశ్, గాంధేయవాది నారాయణ్ దేశాయి, శాస్త్రవేత్త యశ్‌పాల్ మొదలైనవారు రాయపూర్ నుంచి దంతెవాడకు శాంతియాత్ర సాగించారు. దారిలో నిరసనలు ఎదురయ్యాయి. ఉభయపక్షాలూ ఆయుధాలు దించి మాట్లాడుకోవాలన్నది వారి కోరిక.

యాత్ర తరువాత కేంద్ర హోంమంత్రి చిదంబరం కాల్పుల విరమణ ప్రతిపాదనతో అగ్నివేశ్‌కు లేఖ రాశారు. అవతలి పక్షాన సంప్రదింపులకు ఉన్నవారు మావోయిస్టు ప్రతినిధి ఆజాద్, అనగా తెలుగువారైన చెరుకూరి రాజ్‌కుమార్. జూలై ఆరంభంలో ఆదిలాబాద్ అడవిలో ఆయన, హేమచంద్ర పాండే అనే పాత్రికేయుడు పోలీసు కాల్పులలో మరణించారు. అగ్నివేశ్ విచారణ కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆదేశంపై పరిశోధించిన సీబీఐ, అది ఎదురుకాల్పులేనని నివేదించింది. శాంతి ప్రయత్నం మాత్రం అంతటితో తెగిపోయింది.

2011 ఫిబ్రవరిలో మావోయిస్టులు అపహరించిన ఐదుగురు పోలీసుల విడుదలకు ఆయన మధ్యవర్తిత్వం తోడ్పడింది. మరుసటి నెల మోర్‌పల్లి, తిమాపురం, తాడ్‌మెట్ల గ్రామాలలో ఆదివాసుల ఇళ్లు దగ్ధమయ్యాయి. సహాయ సామగ్రితో బయలుదేరిన అగ్నివేశ్‌పై మార్చి 26న దోర్నపాల్ వద్ద దాడి జరిగింది. పోలీసుల ప్రాణాల కోసం అడవికి వెళ్లిన వ్యక్తే, ఆదివాసులకు బియ్యం చేర్చడానికి వెళ్లి దెబ్బలు తిన్నారు. 2011 జూలై 5న న్యాయమూర్తులు బి. సుదర్శన్ రెడ్డి, ఎస్.ఎస్. నిజ్జర్ సల్వాజుడుంను రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించిన తీర్పులో, గ్రామాల దహనంతోపాటు ఈ దాడినీ విచారించవలసిందిగా సీబీఐని ఆదేశించారు.

ఆయనపై విమర్శలు లేకపోలేదు. మావోయిస్టుల పట్ల మెతకగా ఉన్నారని కొందరు, రాజకీయాలలో నిలకడ లేదని మరికొందరు అన్నారు. అమరనాథ యాత్రపై 2011లో చేసిన వ్యాఖ్యకు సుప్రీంకోర్టు మందలింపు ఎదురయింది. 2018 జూలైలో జార్ఖండ్‌లోని పాకూర్‌లో, ఆదివాసుల సభకు వెళ్లినప్పుడు, మూక ఆయనను కొట్టింది. అప్పటికి వయస్సు 78. కాలేయ వ్యాధితో 2020 సెప్టెంబరు 11న ఢిల్లీలో కన్నుమూశారు.

సంఘానికి, పరిశోధకులకు మిగిలే పని

అగ్నివేశ్ అభిప్రాయాలన్నిటినీ అంగీకరించనక్కరలేదు. ఆయన పద్ధతి మాత్రం పరిశీలించదగినది: స్వయంగా వెళ్లి చూడడం, చూచినదానిని రాయడం, రాసినదానిని అధికారం వినక తప్పని చోటికి చేర్చడం, విడుదలైనవాని తరువాతి జీవితాన్ని మరువకపోవడం. ఇందులో మొదటి రెండూ పురాతత్త్వ పరిశోధకునికి నిత్యకృత్యాలే.

ఋణదాస్యం తెలుగునేలకు కొత్తది కాదు. నిజాం కాలపు తెలంగాణలో అది భగేలా అన్న పేరుతో ఉండేది, దానిని అదుపు చేయడానికి ఒక నిబంధన వెలువడింది. నేడు ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి ముందస్తు సొమ్ము తీసుకొని తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పరిస్థితి ఫరీదాబాద్ గనులను గుర్తుకు తెస్తుంది. స్తూపాలు, విహారాలు అధికంగా ఇటుక కట్టడాలే. వాటి జీర్ణోద్ధరణకు కొత్త ఇటుక అవసరమైనప్పుడు దాని కొలత, కాల్చిన తీరు, రంగు పాతదానితో సరిపోయాయా అని నిపుణులు శ్రద్ధగా పరీక్షిస్తారు. ఆ ఇటుక కాల్చినవారు స్వతంత్రులేనా, ఋణరహితులేనా అన్న విచారణను కూడా కొనుగోలు నిబంధనలలో చేర్చవచ్చు. ఉపసంపద వేళ సంఘం అభ్యర్థిని అడుగుతూ వచ్చిన ఆ ప్రశ్నలకు బట్టీ యజమాని కూడా సమాధానం చెప్పవలసి ఉంటుంది.