గోయా 'కుక్క': ఒక ఒంటరితనపు చరిత్ర

ముసలితనంలో ఒక కళాకారుడు చీకటిని చిత్రిస్తే మన విమర్శ సాధారణంగా రెండు దారులు తొక్కుతుంది. దాన్ని వ్యక్తిగత విషాదంగా కుదించడం ఒకటి, నిరాశావాదమని తోసిపుచ్చడం మరొకటి. స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా (1746–1828) చివరి దశలో వేసిన 'కుక్క' చిత్రానికి ఈ రెండూ చాలవని నా అభిప్రాయం.

చిత్రంలో కనిపించేది చాలా తక్కువ. అడుగున ముదురు గోధుమరంగు దిబ్బ. దాని అంచు మీదుగా ఒక కుక్క తల మాత్రమే పైకి చూస్తుంటుంది. మిగిలినదంతా మాసిన పసుపు రంగు శూన్యం. ఆ కుక్క మునిగిపోతోందా, పైకి వస్తోందా? చిత్రం చెప్పదు.

1792–93లో వచ్చిన జబ్బుతో గోయాకు వినికిడి పోయింది. 1819లో మాడ్రిడ్ శివార్లలో ఒక ఇల్లు కొని, 1823 లోపల ఆ ఇంటి గోడల మీదే 'నల్ల చిత్రాలు' అనే 14 చిత్రాలు వేశాడు. 'కుక్క' వాటిలో ఒకటి. ఒకనాటి ఆస్థాన చిత్రకారుడు ఎవరూ కోరకుండా, ఎవరికీ అమ్మకుండా వేసిన బొమ్మలివి. వాటికి పేర్లు కూడా ఆయన పెట్టలేదు. 1874 నుంచి వాటిని కాన్వాసు మీదికి మార్చినప్పుడు కొంత దెబ్బతిన్నాయి. ఇప్పుడవి ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి.

ఈ ఒంటరితనానికి చెవుడొక్కటే కారణమా? గోయా 1808–14 యుద్ధపు మారణకాండను చూశాడు. దానిపై చెక్కిన చిత్రాల సంపుటి 1863 దాకా అచ్చు కాలేదు. 1814లో తిరిగొచ్చిన ఏడవ ఫెర్డినాండ్ 1812 రాజ్యాంగాన్ని రద్దు చేశాడు, ఇన్‌క్విజిషన్‌ను పునరుద్ధరించాడు. ఉదారవాదులు జైళ్ళకూ ప్రవాసానికీ పోయారు.

అయితే 1820లో తిరుగుబాటు గెలిచి రాజ్యాంగం మళ్ళీ వచ్చింది. ఈ ఆశల కాలంలోనే గోయా గోడలు నల్లబడ్డాయి! కళ చరిత్రకు వెంటనే బదులిచ్చే అద్దమనే యాంత్రిక సూత్రం ఇక్కడ పనిచేయదు. ఒకసారి చేజారినదాన్ని చూసినవాడు రెండోసారి వచ్చినదాన్ని సులువుగా నమ్మలేడని నేననుకుంటాను. 1823లో ఫ్రెంచి సైన్యం నిరంకుశత్వాన్ని మళ్ళీ నిలబెట్టింది. 1824లో గోయా ఫ్రాన్సులోని బోర్డోకు వెళ్ళిపోయాడు.

అక్కడ 79వ ఏట లిథోగ్రఫీలో ఎద్దుల పోరాటాలు చిత్రించాడు. ఆశ పూర్తిగా చచ్చినవాడు చేసే పని కాదది.

మన పత్రికలకూ చీకటి కవితలు వస్తుంటాయి. వాటిలో వెలుగెంత ఉందని కొలిచే ముందు, ఆ చీకటి ఏ ఓటముల నుంచి వచ్చిందో అడగడం విమర్శకుడి మొదటి బాధ్యత.