సెస్నా సంసారం

"మీరు విమానం కొన్నారటగా!" అనే మాట వెనకాలే "ఎంతకేమిటి?" అనే ప్రశ్న వస్తుంది. ఇంటి గురించి అడిగినట్టే అడుగుతారు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడడం అని మనకో సామెత ఉంది. ఈ ఏనుగుకి అంకుశాలు చాలా కావాలి. అవి ఏటేటా కొత్తవి కొనాలి. అంచేత అడగాల్సిన ప్రశ్న "ఎంతకి కొన్నారు?" అని కాదు, "గంటకి ఎంత పడుతోంది?" అని.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ప్రైవేటు విమానం అనగానే సినిమా తారలు మెట్లు దిగే జెట్టు గుర్తొస్తుంది. మాది సెస్నా 172. ఒకే ఇంజను, ముందో పంకా, నాలుగు సీట్లు, లోపల మన పాత మారుతీ కారంత చోటు. 1956లో మార్కెట్లోకి వచ్చిన ఈ మోడలు ఇప్పటికి నలభై నాలుగు వేలకు పైగా తయారైంది. నష్టపరిహారపు దావాల భారం మోయలేక సెస్నా కంపెనీ 1986లో ఇలాంటి చిన్న విమానాల తయారీ ఆపేసింది. పాత విమానాల మీద వేసే దావాలకు 1994లో చట్టం గడువు పెట్టాక, 1996లో మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పుడు కొత్తది నాలుగు లక్షల డాలర్లు దాటింది. కాబట్టి మనబోటి వాళ్ళు కొనేది నలభై, యాభై ఏళ్ళ నాటి విమానమే. మేం నలుగురం కలిసి 2017లో అరవై వేలకి కొన్నది కూడా అలాంటిదే.

ఇక్కడొక మాట. అమెరికాలో విమానం సొంత పేరున రిజిస్టరు కావాలంటే పౌరసత్వమో, గ్రీన్ కార్డో ఉండాలి. హెచ్-1 వీసా మీదున్న కుర్రాళ్ళు నేర్చుకోవచ్చు, కానీ పౌరులు కాని వాళ్ళు పైలట్ శిక్షణ మొదలుపెట్టే ముందు ప్రభుత్వ భద్రతా తనిఖీ దాటాలి. ఆ పైన డాక్టరు పరీక్ష ఉండనే ఉంది. మన వాళ్ళ షుగరూ, బీపీ అక్కడ బయటపడతాయి. లైసెన్సు ఆపకపోయినా కాగితాల పని పెంచుతాయి.

సరే, విమానం వచ్చింది. ఎక్కడ పెట్టాలి? మన పిస్కాటవే వాసుల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1925 జూలై 1న న్యూయార్క్, చికాగోల మధ్య రాత్రిపూట విమాన తపాలా మొదలైంది హాడ్లీ ఫీల్డు నుంచి. ఆ చోటు ఇప్పుడు సౌత్ ప్లెయిన్‌ఫీల్డులో ఉంది గాని, సౌత్ ప్లెయిన్‌ఫీల్డు మన టౌన్‌షిప్ నుంచి విడిపోయింది 1926లో. ఆ ఫీల్డు 1968లో మూతపడింది. ఇప్పుడక్కడ దుకాణాల సముదాయం ఉంది, గుర్తుగా హాడ్లీ రోడ్డు మిగిలింది. మార్ల్‌బరో విమానాశ్రయం 2002లో పోయింది. రెడింగ్టన్‌లోని సోల్‌బర్గ్ ఫీల్డు యజమానులు తమ భూమి దక్కించుకోవడానికి టౌన్‌షిప్‌తో ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడి 2015లో గెలిచారు. న్యూజెర్సీలో నేల ఖరీదు అలాంటిది. షెడ్డు అద్దె మా తాహతుకి మించింది కనక మా సెస్నా ఆరుబయట, మూడు తాళ్ళతో పశువులా కట్టేసి ఉంటుంది. ఆ తాళ్ళ చోటుకి నెలకి నూటయాభై.

కిందటేడు మా డైరీలో లెక్క చెబుతాను. కట్టేసే చోటుకి 1,800. ఇన్సూరెన్సు 2,600. సాంవత్సరిక తనిఖీ, అందులో దొరికిన రిపేర్లతో కలిపి 3,500. టైర్లు, బ్యాటరీ, ట్రాన్స్‌పాండర్ పరీక్ష, మ్యాపుల చందా వగైరా 1,700. మొత్తం 9,600 డాలర్లు. చక్రం కదలకపోయినా ఇవి కట్టాల్సిందే. ఎగిరితే గంటకి ఎనిమిది, తొమ్మిది గాలన్ల పెట్రోలు. అది సీసం కలిసిన ప్రత్యేకమైన సరుకు, కార్ల బంకులో దొరకదు. దానికి 58, నూనె మార్పులకి 5, ఇంజను నిధికి 20, వెరసి గంటకి 83.

నలుగురం కలిసి ఏడాదికి 160 గంటలు ఎగిరాం కాబట్టి గంటకి 143 పడింది. ఒక్కడే యజమాని అనుకోండి. ఇన్సూరెన్సు కాస్త తగ్గి స్థిర ఖర్చు 9,000 అవుతుంది. అతను వంద గంటలు ఎగిరితే గంటకి 173. ఉద్యోగం, పిల్లల సాకర్, బంధువుల రాకపోకల మధ్య ముప్ఫై గంటలే ఎగిరితే గంటకి 383. బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ ఇందులో కలపలేదు, కలిపితే భార్యకి చూపించలేం. ఫ్లయింగ్ స్కూల్లో ఇదే విమానం పెట్రోలుతో సహా గంటకి రెండొందల చిల్లరకి అద్దెకి దొరుకుతుంది. ఏడాదికి వంద గంటలు ఎగరని వాడు ఒంటరిగా విమానం కొనడం దండగని నా అభిప్రాయం.

ఇక ఆ సాంవత్సరిక తనిఖీ సంగతి. ప్రతి పన్నెండు నెలలకీ అధికారం ఉన్న మెకానిక్కు విమానం రెక్కల మూతలూ, సీట్లూ, నేల పలకలూ ఊడదీసి చూసి, ఎగరడానికి యోగ్యమని లాగ్ బుక్కులో సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే విమానం కదలకూడదు. నా పెళ్ళిచూపులప్పుడు కూడా అంత గుండె దడ లేదు.

2020 మా చేత బాగా ఖర్చు పెట్టించింది. ఆ ఏడాది జనవరి 1 నుంచి నెవార్క్ చుట్టుపక్కల ఎగరాలంటే మన ఉనికిని ఎప్పటికప్పుడు ప్రసారం చేసే పరికరం తప్పనిసరైంది. బిగించాం, నాలుగు వేలు. తర్వాత కోవిడ్ వచ్చింది. విమానం నెలల తరబడి తాళ్ళకే ఉండిపోయింది. ఎగరకపోతే అరగదు కదా, డబ్బు మిగులుతుందనుకున్నాం. తప్పు. ఈ లైకమింగ్ ఇంజన్లో క్యామ్ షాఫ్టు పై భాగాన ఉంటుంది. ఇంజను తిరగకపోతే దాని మీద నూనె కిందికి జారిపోతుంది. తేమ తగిలి తుప్పు పడుతుంది. మళ్ళీ తిప్పినప్పుడు ఆ తుప్పు పట్టిన ఉపరితలం పెచ్చులు లేస్తుంది.

2021 వసంతంలో మెకానిక్కు ఆయిల్ ఫిల్టరు కోసి, మడతలు విప్పి ఎండలో పట్టుకున్నాడు. మడతల మధ్య ఇనప రవ్వలు తళుక్కుమన్నాయి. ఇంజను విప్పి ఓవర్‌హాల్ చెయ్యాలన్నాడు. ముప్ఫై వేలు. తయారీదారు చెప్పే ఓవర్‌హాల్ గడువు రెండువేల గంటలు. మాకింకా అయిదొందల గంటలు మిగిలే ఉన్నాయి! మా నిధిలో ఉన్నవి ఆరు వేలు. నాలుగేళ్ళలో నాలుగొందల గంటలు ఎగిరాం, అప్పట్లో గంటకి పదిహేను చొప్పున వేశాం. మాకంటే ముందు యజమాని వాడేసిన పదకొండు వందల గంటల అరుగుదలకి మేం ఒక్క డాలరు కూడా పక్కన పెట్టలేదు. కొనేటప్పుడు ధర తక్కువని సంబరపడ్డామే గాని, ఆ తేడా ఎక్కడ నక్కి ఉందో చూసుకోలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో సమావేశం. తలా ఆరు వేలు. మాలో ఒకాయనకి ఆ ఏడే పెద్దమ్మాయి కాలేజీకి వెళ్తోంది. "గురువుగారూ, నూనె మారుస్తూ ఇంకో ఏడాది లాగిద్దామండీ. రవ్వలు కాసినేగా?" అన్నాడు. ఎవరం మాట్లాడలేదు. అతని ఇబ్బంది అందరికీ తెలుసు. మా ఆవిడ కాఫీ కప్పులు పెడుతూ, "ఈసారి దాంట్లో ఎవరి పిల్లల్ని ఎక్కిస్తారన్నయ్యా?" అని మాత్రం అడిగింది. మెకానిక్కు కూడా సంతకం పెట్టనన్నాడు. ఆ స్నేహితుడు తన వాటా వదులుకున్నాడు. విలువ కట్టడంలో ఇంజను ఖర్చు తీసెయ్యాల్సొచ్చింది. లెక్క సరైనదే గాని, అతని చేతిలో చెక్కు పెట్టేటప్పుడు నాకు అతని మొహంలోకి చూడబుద్ధి కాలేదు. ఇంజను తయారయ్యాక ఆ వాటా ఎడిసన్ కుర్రాడొకడు కొనుక్కున్నాడు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. వాతావరణం బాగుంటే వారానికొకసారి ఎవరో ఒకరు నూనె బాగా వేడెక్కేదాకా ఎగరాలి. నేల మీద ఊరికే ఇంజను తిప్పితే తేమ పోదు, పైపెచ్చు చేరుతుంది. చలికాలం ఆదివారాలు వంతులవారీగా ఆ డ్యూటీ చేస్తాం.

దీనివల్ల ఏమైనా లాభముందా అంటే, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి కారులో ఆరు గంటల ప్రయాణం, మాకు రెండున్నర. రానూ పోనూ అయిదు గంటలు, ఏడొందల పదిహేను డాలర్లు. కారుకి టోలుతో కలిపి రెండొందలు దాటదు. పైగా ట్యాంకులు నింపితే నలుగురు పెద్దవాళ్ళతో లేవలేదు, ఆవకాయ జాడీ సంగతి దేవుడెరుగు. మబ్బు పడితే ప్రయాణం రద్దు. "డబ్బులిస్తాం, తీసుకెళ్ళండి" అనే మిత్రులకి కూడా ఇదే చెప్పాలి. ప్రైవేటు పైలట్ కిరాయి తీసుకోకూడదు. పెట్రోలు, నూనె, విమానాశ్రయం ఫీజుల్లో ప్రయాణికులు వాటా ఇవ్వొచ్చు, పైలట్ తన వాటా తాను పెట్టుకోవాల్సిందే.

వాటా వదులుకున్న స్నేహితుడు ఇప్పుడూ కొన్ని ఆదివారాలు వస్తాడు. పక్క సీట్లో కూర్చుంటాడు. రారిటన్ నది మీదుగా వెళ్తూ మా ఇళ్ళ పైకప్పులు వెతుక్కుంటాం. దిగాక తాళ్ళు కట్టడానికి సాయం చేసి, పెట్రోలు రసీదు అడిగి తీసుకుని, సగం లెక్కగట్టి నా చేతిలో పెడతాడు. వద్దన్నా ఊరుకోడు.