5.4 డైనమిక్ పేజీలు: కాష్ నియంత్రణ

బ్రౌజర్ తాను ఒకసారి తెచ్చుకున్న పేజీ ప్రతిని కాష్‌లో దాచుకుంటుందని, దానివల్ల పేజీలు వేగంగా తెరుచుకుంటాయని కిందటి భాగంలో తెలుసుకున్నారు. లోగో వంటి మారని ఫైళ్లకు ఇది మేలే. కాని బ్యాంకు ఖాతాలోని నిల్వ, రైలులో మిగిలిన బెర్తుల సంఖ్య వంటివి చూపే పేజీలను సర్వర్ అడిగినప్పుడల్లా కొత్తగా తయారుచేస్తుంది. వీటినే డైనమిక్ పేజీలు అంటారు. ఇక్కడ పాత ప్రతి కనిపిస్తే వినియోగదారుడు తప్పు సమాచారాన్ని నమ్ముతాడు.

ఎందుకు జరుగుతుంది?

సర్వర్ తన జవాబులో గడువు తెలపకపోతే, గెట్ అభ్యర్థనకు వచ్చిన ప్రతిని ఎంతకాలం వాడవచ్చో బ్రౌజర్ తానే అంచనా వేయవచ్చు. ఉదాహరణకు, పేజీ మారి 10 రోజులైతే, అందులో పదో వంతు, అంటే 1 రోజు, అది తాజాగానే ఉందని భావించవచ్చు. కాబట్టి గడువును మీరే స్పష్టంగా చెప్పాలి. ఇందుకు 'కాష్-కంట్రోల్' అనే హెడర్ ఉంది. అందులో ముఖ్యమైన ఆదేశాలు రెండు:

1. నో-కాష్: పేరును చూసి 'దాచవద్దు' అని పొరబడకండి. బ్రౌజర్ ప్రతిని దాచుకోవచ్చు. మళ్లీ వాడే ముందు సర్వర్‌ను అడగాలి. పేజీ మారకపోతే సర్వర్ 304 అనే సంకేతం పంపుతుంది. పేజీని మళ్లీ పంపదు.

2. నో-స్టోర్: ప్రతిని అసలు భద్రపరచవద్దు.

చిరునామా చివర ఆ క్షణపు సమయాన్ని చేర్చే పద్ధతి కూడా వాడుకలో ఉంది. చిరునామా మారినందువల్ల బ్రౌజర్ దాన్ని కొత్త అభ్యర్థనగా తీసుకుంటుంది. తాజా సమాచారం వస్తుంది గాని, ప్రతిసారీ ఒక కొత్త ప్రతి కాష్‌లో చేరవచ్చు.

ఏది ఎప్పుడు?

ఇంటర్నెట్ కేంద్రంలో ఒకరు తమ ఖాతా వివరాలు చూసి, లాగౌట్ చేసి వెళ్లారనుకోండి. తర్వాత కూర్చున్నవారు బ్యాక్ బటన్ నొక్కితే, నో-కాష్ ఉన్నా, దాచిన పేజీ కనిపించే అవకాశం ఉంది. అందువల్ల సమాచారం తాజాగా ఉంటే చాలు అనుకున్నచోట నో-కాష్, వ్యక్తిగత వివరాలున్నచోట నో-స్టోర్ ఎంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

వార్తాపత్రిక ముఖపేజీకి, విద్యార్థి మార్కుల పేజీకి ఏ ఆదేశాలు ఇస్తారు? కారణాలు రాయండి.