మెరుపును తుడిచేస్తున్న గుడ్డ

రోజూ పొద్దున్నే కారు తుడిపిస్తే పెయింట్ పదికాలాలు నిలుస్తుందని యజమానుల నమ్మకం. నిజానికి పెయింట్‌ను దుమ్ముకన్నా ఆ తుడుపే ఎక్కువ దెబ్బతీస్తోంది. రెండు బకెట్లతో తేలే పనికి పైపు పెట్టడంతో నష్టం కారు దగ్గరే ఆగడం లేదు.

తెల్లవారుజామున అయిదున్నర. హైదరాబాద్ మియాపూర్ నుంచి ఢిల్లీ ద్వారక దాకా ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి తొంగిచూసినా దాదాపు ఒకటే దృశ్యం. చేతిలో ఒక బకెట్, భుజాన ఒక గుడ్డ. కారుకు మూడు నాలుగు నిమిషాలకు మించి ఉండదు. ముందు పొడిగుడ్డతో ఒక దులుపు, తర్వాత తడిగుడ్డతో గుండ్రంగా ఒక తుడుపు, చివరగా అద్దాలు. గుడ్డను బకెట్‌లో ముంచి, పిండి, పక్క కారు దగ్గరికి. ఎనిమిది గంటలకు యజమానులు కిందికి దిగేసరికి వరసగా ఇరవై కార్లు తళతళలాడుతుంటాయి. బకెట్‌లో నీళ్లు మాత్రం అయిదో కారు దగ్గరే బురద రంగుకు తిరిగి ఉంటాయి.

రెండేళ్లు గడిచాక ఒక రాత్రి పెట్రోలు బంకులో దీపాల కింద కారు ఆగినప్పుడు బానెట్ మీద సాలెగూడు లాంటి సన్నని గీతలు బయటపడతాయి. యజమాని ఎండను తిట్టుకుంటాడు, రోడ్లను తిట్టుకుంటాడు, చివరికి కంపెనీ వేసిన పెయింటే నాసిరకమని తేల్చేస్తాడు. రోజూ తను డబ్బిచ్చి చేయించుకున్న ఆ మూడు నిమిషాల తుడుపు మీదికి అనుమానం పోదు.

కాగితమంత మందం

కారు పెయింట్ చూడటానికి ఒకే పూతలా ఉన్నా అది నాలుగు పొరల కట్టడం. ఉక్కు రేకును ఫాస్ఫేట్ ద్రావణంలో శుద్ధి చేశాక, పెయింట్ తొట్టిలో ముంచి విద్యుత్తు సాయంతో తుప్పు పట్టకుండా మొదటి పొర ఎక్కిస్తారు. దాని మీద ప్రైమర్, ఆ పైన అసలు రంగు, అన్నింటికీ పైన రంగులేని క్లియర్‌కోట్. ఈ నాలుగూ కలిపినా మందం సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. అంటే జిరాక్స్ కాగితం ఒకటి, మహా అయితే ఇంకాస్త. అందులో మెరుపునిచ్చే, ఎండను ఆపే క్లియర్‌కోట్ వాటా 40, 50 మైక్రాన్లే. తల వెంట్రుకకన్నా పల్చన.

ఈ పొర ఒక రకం ప్లాస్టిక్. రోడ్డు దుమ్ములో కంటికి కనపడని ఇసుక రేణువులుంటాయి. వాటిలోని క్వార్ట్జ్ చాకు ఉక్కుకన్నా గట్టిది. పొడిగుడ్డతో దులిపినప్పుడు ఆ రేణువులు గుడ్డకూ పెయింట్‌కూ మధ్య చిక్కుకుని గరుకు కాగితంలా పనిచేస్తాయి. గీతలు నిజానికి అన్ని దిక్కులా పడతాయి. దీపపు వెలుగును కంటివైపు మళ్లించేవి మాత్రమే కనిపిస్తాయి గనక అవి దీపం చుట్టూ వలయాల్లా తోస్తాయి. నలుపు, ముదురు నీలం కార్ల మీద ఇవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తెల్ల కార్ల మీద దాక్కుంటాయి, అంతే తేడా.

పాత తరం కార్లలో క్లియర్‌కోట్ లేని ఒకే పొర పెయింట్ ఉండేది. గట్టిగా రుద్దితే గుడ్డకు రంగు అంటేది. దాంతో యజమాని జాగ్రత్తపడేవాడు. ఇప్పుడు అరిగేది రంగులేని పొర కావడంతో గుడ్డకు ఏమీ అంటదు. పోతున్నదేమిటో తెలియకుండానే పోతుంది.

పైపు ఖరీదు

తుడుపు మీద నమ్మకం లేనివాళ్లు పైపు పడతారు. మామూలు అరంగుళం పైపులోంచి నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల నీళ్లు పోతాయి. సబ్బు రుద్దేటప్పుడు పైపును నేల మీద వదిలేసి పది నిమిషాల్లో కారు కడిగితే వంద నుంచి నూటయాభై లీటర్లు మురికికాలవ పాలు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ పెట్టిన ప్రమాణం. పల్లెల్లో 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లక్ష్యం 55 లీటర్లే. ఒక కారు ఒక్క స్నానంతో పట్నవాసి ఒక రోజు వాటాను, పల్లెవాసి రెండు రోజుల వాటాను తాగేస్తోందన్నమాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో కారున్న కుటుంబాలు నూటికి దాదాపు ఎనిమిదే.

నీళ్లకు కటకట వచ్చినప్పుడల్లా ప్రభుత్వాల కన్ను ముందుగా పడుతున్నది ఈ పైపు మీదే. 2024 మార్చిలో బెంగళూరు బోర్లు ఎండిపోయినప్పుడు నగర నీటి సరఫరా బోర్డు తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి రూ.5,000 జరిమానా విధించింది. కొద్ది రోజుల్లోనే 22 కుటుంబాల నుంచి రూ.1.1 లక్షలు వసూలు చేసింది. అదే ఏడాది మే నెలాఖరులో ఢిల్లీ ప్రభుత్వం పైపుతో కార్లు కడిగేవారికి రూ.2,000 జరిమానా ప్రకటించి, 200 బృందాలను వీధుల్లోకి దింపింది. సరిహద్దు అవతలా ఇదే తంతు. 2025లో లాహోర్ హైకోర్టు ఆదేశాలతో పాకిస్థాన్ పంజాబ్ అధికారులు ఇళ్ల దగ్గర కార్లు కడగడాన్ని నిషేధించి పది వేల రూపాయల జరిమానా పెట్టారు.

హైదరాబాద్‌కు కృష్ణా జలాలు, బెంగళూరుకు కావేరీ జలాలు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి కరెంటు ఖర్చుపెట్టి ఎత్తిపోస్తే వస్తున్నవే. వాటితో టైర్ల మట్టి కడగడం ఖరీదైన అలవాటు. పైగా అంత నీరు అవసరమూ లేదు.

రెండు బకెట్ల లెక్క

పెయింట్ మీద గీత పడకుండా కడగడానికి 30 లీటర్ల నీళ్లు చాలు. సూత్రం ఒకటే: ముందు దుమ్మును వదిలించాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. కారు నీడలో ఉండాలి, బానెట్ చల్లారి ఉండాలి. వేడి రేకు మీద షాంపూ క్షణాల్లో ఎండి మచ్చలు కడుతుంది. మొక్కలకు వాడే అయిదు లీటర్ల చేతిపంపు స్ప్రేయర్ కొత్తది ఒకటి కొంటే పైకప్పు నుంచి కిందికి తడిపి దుమ్మును జార్చేయవచ్చు. పురుగుమందు కొట్టిన పాతది మాత్రం పనికిరాదు.

తర్వాత రెండు బకెట్లు. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు. మైక్రోఫైబర్ గ్లౌజును షాంపూలో ముంచి ఒక తలుపు కడిగాక, తిరిగి షాంపూలో ముంచేముందు మంచినీళ్ల బకెట్‌లో జాడించాలి. ఇసుక అక్కడే అడుగున దిగిపోతుంది. వరస పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పైభాగం. చివరగా తలుపుల అడుగుభాగం, బంపర్లు. చక్రాలకు వేరే గుడ్డ. గుండ్రంగా కాకుండా ఒకే దిక్కుగా, బరువు వేయకుండా లాగాలి. చివరికి మళ్లీ స్ప్రేయర్‌తో కడిగి, పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి అద్దినట్టుగా తడి తీసేయాలి.

గిన్నెలు తోమే సబ్బు, బట్టల పౌడరు వద్దు. అవి జిడ్డుతో పాటు కారుకు పూసిన వ్యాక్స్‌నూ పట్టుకుపోతాయి. కిరోసిన్, డీజిల్ తడిపిన గుడ్డతో తుడిచే పాత డ్రైవర్ల చిట్కా ఇచ్చేది ఒక పూట మెరుపు. ఆ జిడ్డు మీద మర్నాటికి రెట్టింపు దుమ్ము. కొత్త కారుతో ఇచ్చే పసుపు గుడ్డను కారు లోపలికి పరిమితం చేయడం మేలు. కింద పడిన గుడ్డను ఉతక్కుండా పెయింట్‌కు తాకించకూడదు. కారు కవరుదీ అదే కథ. మురికి కారు మీద కప్పితే గాలికి కొట్టుకుంటూ రాత్రంతా రుద్దుతూనే ఉంటుంది.

ఉప్పునీళ్లు, పిట్టరెట్టలు

కడగడం ఎంత ముఖ్యమో ఏ నీళ్లతో అన్నదీ అంతే ముఖ్యం. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములకు లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. దక్కన్ పీఠభూమి బోర్లలో ఈ హద్దు దాటేవి తక్కువేమీ కాదు. ఆ నీళ్లు కారు మీద ఎండితే కుళాయి మీద పేరుకునే తెల్లపొరలాంటిదే బానెట్ మీదా మిగులుతుంది. ఆర్వో యంత్రం వదిలేసే నీటితో కారు కడగడం పొదుపే. కాని అందులో లవణాలు మరీ ఎక్కువ. అందుకే ఆ నీళ్లను మొదటి తడుపుకు, చక్రాలకు వాడాలి. చివరి కడుగుడుకు ఇంట్లోనే మంచి వనరుంది: ఏసీ పైపులోంచి కారే నీళ్లు. గాలిలోని తేమే చల్లబడి నీరుగా మారినది కావడంతో వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ముసురు రోజుల్లో ఒక ఏసీ కింద బకెట్ పెడితే కారుకు సరిపడా నీళ్లు దొరుకుతాయి.

రోజూ కారు ముట్టుకోవాల్సిన సందర్భం నిజంగా ఒకటుంది. పిట్టరెట్ట. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు క్లియర్‌కోట్ మెత్తబడి, సాయంత్రం చల్లబడి బిగుసుకునేటప్పుడు రెట్ట ఆకారం దానిలో అచ్చుపడిపోతుంది. గోకడం తప్పు. తడిగుడ్డను అయిదు నిమిషాలు దాని మీద పరిచి, నానాక ఎత్తేయాలి. దసరా పూజలో బానెట్ మీద పెట్టిన పసుపు కుంకుమలు, పిండిన నిమ్మకాయ రసమూ అంతే. పూజ అయిన సాయంత్రమే కడిగేయడం మంచిది. విశాఖపట్నంలో ఉప్పుగాలితో పాటు పోర్టు నుంచి వచ్చే బొగ్గు, ఇనుప ఖనిజపు ధూళి మేడల మీద నల్లగా పేరుకుంటుందని జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కార్ల మీదా పడేది అదే. అలాంటి చోట తుడుపు మానేసి కడుగుడు పెంచడం ఒక్కటే దారి.

వ్యాక్స్ నుంచి సిరామిక్ దాకా

కడిగిన పెయింట్‌కు కాపలా ఏది? ఇక్కడే దుకాణదారు చేతిలో యజమాని చిక్కేది. పాలిష్, వ్యాక్స్ ఒకటే అనుకోవడం మొదటి పొరపాటు. పాలిష్ అంటే క్లియర్‌కోట్‌ను కొద్దిగా అరగదీసి గీతలను చదును చేయడం. వ్యాక్స్ అంటే పైన పూత వేయడం. ఏటా సర్వీసింగ్‌లో "రబ్బింగ్, పాలిష్" చేయిస్తే ఏటా కొన్ని మైక్రాన్లు పోయినట్టే. ఉన్నదే నలభై యాభై. అది పల్చబడ్డాక పైకప్పు, బానెట్ ఎండకు పొట్టు లేచిపోతాయి. అప్పుడు మళ్లీ పెయింట్ వేయించాల్సిందే. పాత కార్లు కొనేవాళ్లు మందం కొలిచే పరికరంతో ఆ సంగతి పట్టేసి ధర తగ్గిస్తారు.

ఇంట్లో చేసుకోదగిన కాపలా వ్యాక్స్. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం 80 డిగ్రీలు దాటితే గాని కరగదు. పల్చగా పూసి, ఆరాక తుడిస్తే నెలో రెండు నెలలో నిలుస్తుంది. కృత్రిమ సీలెంట్లు ఇంకొన్ని నెలలు ఎక్కువ వస్తాయి. ఒకప్పుడు షోరూముల్లో జోరుగా అమ్మిన "టెఫ్లాన్ కోటింగ్" వెనక సైన్సు బలహీనం. టెఫ్లాన్ కరగడానికే 327 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి కారు పెయింట్ మిగలదు.

ఆ స్థానాన్ని ఇప్పుడు సిరామిక్ కోటింగ్ ఆక్రమించింది. ఇది వ్యాక్స్‌కన్నా గట్టిది, ఎక్కువ కాలం ఉంటుంది, మురికి తేలిగ్గా వదులుతుంది. అంతవరకు నిజం. కాని దాని మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. ప్రకటనల్లో కనిపించే "9హెచ్" వజ్రపు గట్టిదనానికి కొలమానం కాదు. అది పెన్సిల్ ముల్లుతో గీసి చూసే పరీక్ష. 9హెచ్ పెన్సిల్ గీయలేని పొరను ఇసుక గీయగలదు. వేలకు వేలు పోసి సిరామిక్ చేయించి, మర్నాటి నుంచి మళ్లీ పొడిగుడ్డ దులుపుకే అప్పగిస్తే ఆ డబ్బు దండగ. ఎగిరొచ్చే రాయిని ఆపేది 150 మైక్రాన్లు దాటిన పారదర్శక ఫిల్మ్ ఒక్కటే. కారు మొత్తానికి అతికిస్తే ఖర్చు లక్షల్లోకి పోతుంది.

గుడ్డ పట్టిన చెయ్యి

ఇంతకీ తప్పెవరిది? గీత కనపడగానే మాట పడేది కారు తుడిచే మనిషే. చాలాచోట్ల అతను వాచ్‌మన్, లేదా వాచ్‌మన్ భార్య. జీతం కారుకు నెలకు కొన్ని వందలు. ఎనిమిదింటికల్లా ఇరవై కార్లు తేల్చాలి. బకెట్ ఒకటి, గుడ్డ ఒకటి, అదీ ఎవరింట్లోనో చిరిగిన బనియన్. నీళ్లు మార్చాలంటే మళ్లీ కుళాయి దాకా నడవాలి. మూడు నిమిషాల్లో, ఒక బకెట్‌తో గీత పడకుండా ఇసుక తీయడం ఎవరి వల్లా కాదు. రోజూ తుడవాలన్న షరతు పెట్టింది యజమాని. గుడ్డ కొనివ్వనిదీ అతనే.

రోజువారీ తుడుపు మానిపించి, వారానికి రెండుసార్లు సరిగ్గా కడిగిస్తే చాలు. మిగతా రోజుల్లో ముందు అద్దాన్ని తడిపి తుడిస్తే సరి. రెండు బకెట్లు, చేతిపంపు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక షాంపూ సీసా. అన్నీ కలిపినా ఖర్చు సిరామిక్ బిల్లులో పదో వంతు ఉండదు. పని రోజులు తగ్గాయి కదా అని జీతం కోస్తే మాత్రం కథ మొదటికొస్తుంది. అవతలి మనిషి మరో పది కార్లు ఒప్పుకుంటాడు, కారుకు మళ్లీ మూడు నిమిషాలే మిగులుతాయి. అయిదో కారు దగ్గరికి వచ్చేసరికి బకెట్ మళ్లీ బురద రంగుకు తిరుగుతుంది.