పిల్లి పుండునకు ఏ మందు?

బియ్యపు బస్తాలున్న చోట ఎలుకయు, ఎలుకయున్న చోట పిల్లియు చేరుట సహజము. శ్రీశైలమువంటి యాత్రాస్థలమున సత్రములకును వంటశాలలకును కొదువ లేదు. అట్టి చోట చెవులంచున వెండ్రుకలూడి, మొగము పక్కులు కట్టి గోకుకొనుచున్న పిల్లి కనబడినచో కొందరు దానిని తరుముదురు. కొందరు జాలిపడి ఇంటనున్న మందేదో పూయుదురు. ఈ రెండవ పనియే పిల్లికి ఎక్కువ ప్రమాదమని మేము తలంతుము.

పిల్లి చర్మమున పుండ్లు పడుటకు కారణములు పెక్కు గలవు. వానిలో రెంటిని శ్రోతలు ముఖ్యముగా గుర్తింపవలెను. మొదటిది గజ్జి. కంటికానని పురుగు తోలులో సొరంగములు త్రవ్వుటచే ఇది కలుగును. చెవుల అంచున మొదలై మొగమునకును మెడకును ప్రాకును, దురద దుర్భరము. రెండవది తామర. ఇది పురుగు కాదు, బూజుజాతి. వెండ్రుకలు గుండ్రముగా ఊడి పొట్టు రాలును. పిల్లిని ఒడిలో పెట్టుకొని ఆడించు బిడ్డల చేతులకును మెడకును ఇది అంటుకొనును. కొన్ని పిల్లులు ఒంటిపై మచ్చయైన లేకయే దీనిని మోయుచుండును. కావున ఇంట బిడ్డకు తామర మాటిమాటికి తిరుగబెట్టుచున్నచో పిల్లినికూడ పరీక్ష చేయింపవలెను.

పశువైద్యుడు పుండు అంచును గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శినిలో చూచి గజ్జిపురుగును పట్టును. తామరకు అతినీలలోహిత దీపము వాడుదురు. బూజు పట్టిన వెండ్రుకలు తరచుగా లేత ఆకుపచ్చగా మెరయును. మెరయనంత మాత్రమున తామర లేదనుట తగదు.

గజ్జికి వాడు ఐవర్‌మెక్టిన్ మట్టిలోని సూక్ష్మజీవినుండి పుట్టినది. దానిని వెలికి తీసిన కృషికై జపానుకు చెందిన సతోషి ఓమురాకును, విలియం కాంబెల్‌కును 2015లో నోబెల్ బహుమానము లభించినది. మందు గొప్పదే, కాని పాడిపశువులకు తెచ్చిన సీసాతో పిల్లికి వైద్యము చేయరాదు. ఆ ఒక శాతపు ద్రావణము మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందుండును. 300 కిలోల ఆవునకు 6 మిల్లీలీటర్లు సూదిమందుగా వేయుదురు. ఆ లెక్కనే 3 కిలోల పిల్లికి 0.06 మిల్లీలీటరు, అనగా ఇంచుమించు ఒక్క బొట్టు! చేయి జారినచో పది మోతాదులు పడును. లేత కూనలకైతే మరింత భయము. సెలామెక్టిన్ అను వేరొక మందును మెడవెనుక, నాలుక అందని చోట, చర్మముపై పోయుదురు. తామరకు ఇట్రకొనజోల్‌ను వారములతరబడి త్రాగింపవలసి యుండును. రాలిన వెండ్రుకలలో బూజు బీజములు నెలలకొలది బ్రతుకును గనుక పిల్లి పండుకొను గోనెలను పారవేయుట మేలు.

పిల్లి తన ఒడలిని తానే నాకుకొనును. పూసినదెల్ల కడుపులోనికి చేరును. పైగా ఫినాయిలు, కార్బాలిక్ ఆమ్లము వంటివానిని విరిచి వెడలించు శక్తి దాని కాలేయమునకు మిక్కిలి తక్కువ. మనుష్యుల గజ్జికి పూయు బెంజైల్ బెంజోయేటును, కుక్కలకు వాడు పెర్మెత్రిన్‌ను దానికి విషములే. నొప్పికని ఇచ్చిన పారసెటమాల్ బిళ్ల ఒక్కటియే ప్రాణము తీయగలదు.

శ్రీశైలము పులుల అభయారణ్యము నడుమనున్న ఊరు. ఈ గజ్జి అడవిపిల్లి జాతులకును సోకగలదు. రోగపు పిల్లిని అడవి అంచున విడిచి వచ్చుట మందు కాదు. మూతగల బుట్టలో పెట్టి పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. దారిలో అది కరచినను, రక్కినను, గాయమును 15 నిమిషములు సబ్బునీటితో కడిగి, ఆ దినమే రేబీస్ టీకాకై మనుష్యుల ఆసుపత్రికి వెళ్లవలెను.