మనోవర్తి పెంపు, తండ్రి ఇబ్బంది

బిడ్డ ఎదిగినకొలది బడిజీతము, బట్టలు, పుస్తకముల వ్యయము పెరుగును. మనోవర్తి పెంచుమని తల్లి న్యాయస్థానమును కోరుట సహజమే. సరిగా ఆ సమయముననే తండ్రికి పని పోయినచో, జబ్బు చేసినచో గతి యేమి?

పలువురు చేయు పొరపాటు, ఎవరికిని చెప్పక సొమ్ము పంపుట మానివేయుట. తగిన కారణము లేక చెల్లింపనిచో, ఒక్కొక్క నెల బాకీకి ఒక నెల వరకు ఖైదు విధింపవచ్చును.

చట్టము వేరొక దారి చూపినది. నెలకు 500 రూపాయలకు మించరాదను పాత పరిమితి 2001లో తొలగినది. నేడు బిడ్డ అవసరము, తండ్రి స్తోమత, ఈ రెండును కొలబద్దలు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 146వ విభాగము ప్రకారము, పరిస్థితులు మారినట్లు రుజువైనచో మేజిస్ట్రేటు మనోవర్తిని పెంచవచ్చును, తగ్గింపవచ్చును.

ఇరుపక్షములును తమ ఆదాయము, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రమున తెలుపవలెనని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించినది. కావున తండ్రి జీతపు చీటీలు, వైద్యుని పత్రములు, బ్యాంకు లెక్కలు చేర్చి జాగు చేయక అర్జీ పెట్టుకొనవలెను. వకీలును పెట్టుకొనలేని పేదలు న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. తీర్పు వచ్చునంతవరకు పాత ఉత్తరువే చెల్లును. చేతనైనంత సొమ్మైనను పంపి రసీదు దాచుకొనుట మేలు.

తండ్రి లెక్క దాచక చెప్పుటయు, తల్లి దానిని ఓపికతో వినుటయు బిడ్డ అన్నము కొరకే.